అరగంటలో మా మనిషి వస్తాడు

తమ్ముడికి అక్క దీవెనలు.

ఇక్కడ అమ్మ బాగుంది, నీ భార్య బాగుంది, నా చెవి వెనక కుట్లు విప్పేశారు. అక్కడ నువ్వూ బాగుండాలి. జైలు తిండి సహించడం లేదని రాశావు. సహించకపోయినా తిను. పక్కవాడి కాలర్ పట్టుకున్నావని మరదలు చెప్పింది. అక్కడైనా నీ చేతులు కాస్త నీ దగ్గర పెట్టుకో.

నువ్వడిగినవి ఒక్కొక్కటీ చెబుతాను. లిఫ్టుల పని ఆగలేదు. నీ బదులు మీ బావే షాఫ్టుల్లోకి దిగుతున్నారు. "అల్లుడుగారు దిగితే లిఫ్టు సంగతేమో గానీ తాడు మాత్రం తెగుతుంది" అని అమ్మ ఆయన ఎదుటే అంటోంది. ఆయన నవ్వి ఊరుకుంటున్నారు.

ఇక మన ఆఫీసు మీదికి వచ్చినవాడి గురించి నీ పెద్ద అనుమానం. "వాడు మన కస్టమరే కాదు. మన టోల్ ఫ్రీ నంబరు వాడికెక్కడిది? పోటీ కంపెనీవాళ్లే ఉసిగొల్పి ఉంటారు" అని రాశావు. ఎవరూ ఉసిగొల్పలేదు. పోలీసులు చెప్పిందీ, నేను టెలిఫోన్ కంపెనీకి వెళ్లి కనుక్కున్నదీ ఒకటే.

టోల్ ఫ్రీ నంబరు ఏ ఒక్క ఫోనుకీ కట్టేసి ఉండదు. మనం ఎటు పొమ్మంటే అటు పోతుంది. పగలు ఆఫీసుకు, ఆఫీసు మూశాక నీ సెల్లుకు పొమ్మన్నాం, అలాగే పోయేది. ఫోన్ చేసినవాడికి ఖర్చు లేదు, సెకన్ల లెక్కన మనకు పడుతుంది. ఒక వ్యాపారం మూతపడి నంబరు వదిలేస్తే, కొన్నాళ్లు ఖాళీగా ఉంచి ఇంకొకరికి ఇస్తారు. ఇట్టే గుర్తుండే నంబరు కావాలని మనం పట్టుబట్టాం కదా, అది మనకన్నా ముందు ఒక ప్రైవేటు అంబులెన్సు సర్వీసుది. వాళ్లు బండ్లు అమ్ముకుని వెళ్లిపోయారు. స్తంభాల మీదా, మందుల షాపుల తలుపుల మీదా అంటించిన స్టిక్కర్లు ఎవరూ పీకలేదు.

అంబులెన్సు పంపమని మనకు ఫోన్లు వచ్చింది అందుకే. మనిషి ఎత్తితే "ఇది లిఫ్టుల కంపెనీ" అని చెప్పేవాళ్లం. అందరం వేరే ఫోన్లలో మాట్లాడుతుంటే రికార్డు చేసిన నా గొంతు పలికేది. సెకన్లు కలిసొస్తాయని నువ్వన్నావు, నేను సరేనన్నాను, అందులోంచి కంపెనీ పేరు తీసేశాం. మిగిలింది ఇంతే: "కంగారు పడకండి. మీ కాల్ నమోదైంది. అరగంటలో మా మనిషి వస్తాడు." లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ల కోసం చెప్పిన మాటలవి. చేసినవాళ్ల నంబరు మనకు కనబడుతుంది గనుక, తర్వాత మనమే చేసి చోటు కనుక్కునేవాళ్లం. అతనికీ చేశాం. ఎత్తలేదు.

అతను దర్జీ. భార్యకు గుండెనొప్పి వస్తే, వీధి చివర మందుల షాపు తలుపు మీది నంబరుకు చేశాడు. నా మాటలు విన్నాడు. పక్కింటివాళ్లు తమ కారులో తీసుకెళ్దామంటే, "వద్దు, వాళ్ల మనిషి బయల్దేరాడు, ఈమెను కదపకూడదు" అన్నాడట. ఆమె గుమ్మంలోనే ప్రాణం వదిలింది. తర్వాత ఒకనాడు మన వ్యాను మీద అదే నంబరు చూసి, వెంటే వచ్చాడు.

నువ్వు వెనక షెడ్డులో గ్రైండరు ఆడిస్తున్నావు, మొదట జరిగింది నీకు తెలియదు. అతను ఇనప రాడ్డుతో లోపలికొచ్చాడు. మొదటి దెబ్బకు కౌంటరు అద్దం పగిలింది, రెండో దెబ్బకు కంప్యూటరు. లెక్కలు చూసే మామయ్య అడ్డం వెళ్తే మోచేతి మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. ఆయన గోడకు తల కొట్టుకుని స్పృహ తప్పాడు. నేను ఫోను అందుకోబోయాను. రాడ్డు నా చెవి వెనక తగిలింది. పడిపోయాను. మెడ మీదుగా రక్తం జాకెట్టులోకి దిగింది.

"ఎవడ్రా మీ మనిషి? రమ్మనండి! ఎక్కడ చచ్చాడు?" అని అరుస్తూ మళ్లీ రాడ్డెత్తాడు.

"కంగారు పడకండి" అన్నాను. నోటికి అదే వచ్చింది.

అతను ఆగిపోయాడు. "ఏయ్, మళ్లీ అను."

"ఏమనమంటారు?"

"ఆ మాటే. ఫోన్లో చెప్పింది నువ్వేనా?"

"రికార్డింగండీ... గొంతు నాదే. మాది లిఫ్టుల కంపెనీ. అంబులెన్సు కాదు."

"లిఫ్టులా?" గోడ మీది మన బోర్డు చూశాడు. "మరి వస్తాడని చెప్పావు కదమ్మా."

రాడ్డు బల్ల మీద పెట్టాడు. విసరలేదు, పెట్టాడు. గాజు పెంకుల మధ్య కూలబడి మోకాళ్లలో తల పెట్టుకున్నాడు.

అప్పుడు నువ్వు వచ్చావు. నీ చేతిలో పెద్ద పానా ఉంది. మొదటి దెబ్బ దవడ మీద వేశావు. అతను కుడిచెయ్యి అడ్డం పెట్టాడు. రెండోది ఆ చేతి మీద.

"వద్దురా, ఆపరా, కూర్చున్నాడురా!" అని నేను అరిచాను.

"నువ్వుండక్కా!" అన్నావు. మూడోది కంటి మీద పడింది. మీ బావ వ్యాను దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చి నిన్ను వెనక నుంచి వాటేసుకుంటే ఆగావు.

అతని దవడకు తీగలు కట్టారు. ఎడమ కన్ను పోయింది. కుడిచేతి వేళ్లు ఇక వంగవని, కత్తెర పట్టలేడని డాక్టరు చెప్పాడు.

నంబరు వదిలేశావా అని అడిగావు. వదల్లేదు. వదిలితే ఇంకో వ్యాపారానికి ఇస్తారు, స్టిక్కర్లేమో గోడల మీదే ఉన్నాయి. ఇప్పుడు రికార్డింగులో ముందు కంపెనీ పేరు వస్తుంది. అంబులెన్సు కావాలంటే ఒకటి నొక్కమంటుంది, నొక్కితే పెద్దాసుపత్రికి పోతుంది. ఆ సెకన్లూ మన ఖాతాలోనే.

ఇక "వకీలు చెప్పినట్టే చెప్పావు కదా అక్కా?" అన్న ప్రశ్న. ఇంతసేపూ దాన్నే దాటవేస్తూ వచ్చాను.

వకీలు ఇంటికొచ్చి కూర్చుని నేర్పాడు. "రాడ్డు ఎత్తి ఉన్నాడు, తమ్ముడు అడ్డుకున్నాడు. అంతే చెప్పండమ్మా."

"రాడ్డు బల్ల మీద ఉందండీ."

"అది చూసింది మీరొక్కరే కదా?"

నిజమే, నేనొక్కదాన్నే. నేను ఆ ఒక్క వాక్యం చెబితే నువ్వు ఇంటికొస్తావు. రాడ్డుతో వచ్చినవాడి మాట ఎవరు నమ్ముతారు?

మంగళవారం వాంగ్మూలం ఇచ్చాను. రాడ్డు బల్ల మీద ఉందని చెప్పాను. ఆపమన్నాననీ, నువ్వు ఆపలేదనీ చెప్పాను. నా రక్తం చూసి నీకు మతి పోయిందనీ, రికార్డింగులోంచి పేరు తీసేసింది మనిద్దరమేననీ కూడా చెప్పాను. సంతకం చేశాను.

అమ్మ నాతో మాట్లాడటం లేదు. కంచం పెట్టి అవతలికి పోతోంది. "మీ తమ్ముడే కదా వదినా?" అని నీ భార్య ఒక్క మాట అడిగింది.

విచారణ రోజు బోనులో నిలబెట్టి మళ్లీ అడుగుతారు. ఇదే చెబుతాను. అందరి ముందూ మొదటిసారి విని నువ్వు తల తిప్పి నన్ను చూడకూడదని ముందే రాస్తున్నాను. ఆదివారం ములాఖత్‌కు వస్తున్నాను. నీ మందులు, తువ్వాలు తెస్తాను. నన్ను చూడనంటే చెప్పి పంపించు, అవి గేటు దగ్గర ఇచ్చి, టైమయ్యేదాకా అక్కడే కూర్చుని వెళ్తాను.

ఇట్లు,
నీ అక్క