పాత పేజీ

ఫిబ్రవరి 3, సోమవారం
మా శామీర్‌పేట ల్యాబ్ మెషిన్లలో ఇంటర్నెట్ ఉండదు. ఏ కమాండ్ ఏం చేస్తుందో తెలియాలంటే man కొట్టి మాన్యువల్ పేజీ చదవాల్సిందే. నన్ను అడిగే ముందు man చదవండి అని గోడ మీద కాగితం కూడా అంటించాను. సిస్టమ్స్ చూసేది నేనే కదా, ఆ మాత్రం పొగరు ఉంది.

రిపోర్టులు తీసే టూల్‌కి ఇవాళ అన్ని మెషిన్లలో కొత్త వెర్షన్ వేశాను. దాని పేజీలు కొత్త ఫోల్డర్‌లో ఉన్నాయి. man అక్కడ వెతకాలంటే సెర్చ్ పాత్‌లో ఆ ఫోల్డర్‌ని పాతదానికంటే ముందు రాయాలి. నా లాగిన్‌లో రాసుకున్నాను. మిగతా అందరికీ రేపు.

ఫిబ్రవరి 11
మల్లేష్ వారం రోజుల బోరు నీళ్ల రీడింగులు చెరిపేశాడు. రిపోర్టుల టూల్‌లో -r కొట్టాడట. -r అంటే రిమూవ్. చేరి రెండు నెలలు, ఇంకా ప్రొబేషన్‌లో ఉన్నాడు. ఇప్పుడు ఊరూరా తిరిగి శాంపిళ్లు మళ్లీ తేవాలి. man చదవడం కూడా రాదా అని అందరి ముందూ కడిగేశాను.

"చదివే కొట్టిన మేడం" అన్నాడు.

అబద్ధం కూడానా అని నా స్క్రీన్ మీద పేజీ తెరిచి చూపించాను. -r, రిమూవ్ అనే ఉంది.

ఫిబ్రవరి 12
మా మేనేజర్ జోగారావు గారు మల్లేష్‌ని రేపటి నుంచి రావద్దన్నారు. నన్ను అడిగాకే అన్నారు.

ఫిబ్రవరి 13, మధ్యాహ్నం 3
మల్లేష్ సీట్లో కూర్చుని అతని లాగిన్‌లో అదే పేజీ తెరిచాను. -r అంటే రిపోర్ట్ అని ఉంది. పేజీ ఎక్కణ్ణించి వస్తోందో చూద్దామని man -w కొట్టాను. పాత ఫోల్డర్. పాత వెర్షన్‌లో -r అంటే రిపోర్టే.

అందరికీ రేపు అనుకున్నది పది రోజులైనా చేయలేదు. ఒక్క లైను, రెండు నిమిషాల పని. ఇప్పుడు చేసేశాను, దొంగలా అటూ ఇటూ చూసి. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

ఫిబ్రవరి 14
ఎవరికీ చెప్పలేదు.

ఫిబ్రవరి 16, ఆదివారం
చెప్పేద్దామని కొంపల్లి నుంచి స్కూటీ మీద లాల్‌గడి మలక్‌పేట్‌లో మల్లేష్ ఇంటికి వెళ్లాను. వాళ్లమ్మ బుచ్చమ్మ మజ్జిగ ఇచ్చింది. పిలగాడు మీకు నష్టం చేసిండు, మనసుల పెట్టుకోకు బిడ్డా అంది. మల్లేష్ నోట్‌బుక్ తెచ్చాడు. ఆ పేజీ మొత్తం చేత్తో రాసుకున్నాడు, పక్కన తెలుగులో అర్థాలు. -r, రిపోర్ట్. ఒక్క అక్షరం తప్పు లేదు.

"నేనే తప్పు రాసుకున్నట్టున్న మేడం" అన్నాడు.

మజ్జిగ తాగేసి వచ్చేశాను.

ఫిబ్రవరి 17
తప్పు నాది, మల్లేష్‌ది కాదు అని జోగారావు గారికి మెయిల్ పెట్టాను. పిలిచారు. అతణ్ణి రేపే రమ్మంటాను, అసలు సంగతి మాత్రం మన ఇద్దరి మధ్యే ఉండనివ్వమ్మా, పరువు పోతుంది అన్నారు. సరేనన్నాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

ఫిబ్రవరి 18
మల్లేష్ వచ్చాడు. మీరు చెప్పబట్టే మళ్ల తీసుకున్నరంట మేడం అని దండం పెట్టాడు.

ఇకనుంచైనా జాగ్రత్తగా చదువు అన్నాను.