ఎత్తని ప్రభ

మాఘ బహుళ ఏకాదశి, రాత్రి

ఉపవాసం, దాని మీద ఈ గొడవ. ఒళ్లూ మనసూ అలిసిపోయాయి.

కోటప్పకొండ తిరునాళ్లకి మా బజారు కుర్రాళ్లు కొండకు తీసుకెళ్లే ఎత్తైన ప్రభ చట్రాన్ని ఈసారి ఇనుముతో కట్టారు. సాయంత్రం నిలబెట్టాలి. సముద్రంలో గాలిమరలకు ఉక్కు స్తంభాల నమూనాలు గీసే ఇంజనీరు ఊళ్లోనే ఉందని మా చెల్లి సరళను పిలిచారు. కొబ్బరికాయ పట్టుకుని నేనూ వెళ్లాను. సరళ చుట్టూ తిరిగి, మోకాళ్ల మీద కూర్చుని అడుగున అతుకులు చూసింది.

"ఇది ఎత్తమాకండి. కింద వెల్డింగు మళ్లీ చెయ్యాలి."

"ఏందమ్మా, సముద్రంలో ఫ్యాన్లు నిలబెట్టేదానివి, మా ప్రభకే భయపడతన్నావా?" అన్నాడు సుబ్బయ్య బాబాయి. అందరూ నవ్వారు. సరళ నవ్వలేదు. ఎత్తడం ఆగిపోయింది, డప్పులవాళ్లు వెళ్లిపోయారు. కాయ కొట్టకుండానే తెచ్చేశాను.

ఇంటికొచ్చాక సరళ అంది: "కంపెనీలో ఇస్తామంటున్న సీనియర్ పోస్టులో పనీ ఇదే అక్కా. ఆఖరి సంతకం నాది. రోజూ ఎవరికో ఒకరికి వద్దని చెప్పి తిట్లు తినాలి. నా వల్ల కాదని రేపు చెప్పేస్తా."

అన్నం పెట్టాను.

ఇందాక బాబాయి ఫోన్ చేశాడు. "పొద్దున్నే వెల్డరొస్తాడు. చిన్నదాన్ని దగ్గరుండి చూడమను. అది సరే అంటేనే ఎత్తుదాం."

ఆ మాట చెప్పాను. సరళ పొద్దున్నే లేపమంది. కంపెనీకి ఏం చెబుతుందో నేను అడగలేదు.

కొబ్బరికాయ దేవుడి గూట్లో ఉంది. చెల్లికి ధైర్యం ఇమ్మని స్వామిని అడగలేదు, అది దాని దగ్గరే ఉంది. వద్దని చెప్పి వచ్చిన రోజున దానికి అన్నం పెట్టే మనిషి ఒకరు ఉండాలని మాత్రం అడిగాను.