ఆ ఉదయపు వాదన

చెన్నై విమానాశ్రయం,
4 నవంబరు 2018.

నాకు తెలుగు అక్షరాలు దిద్దించిన నాన్నకు,

పోర్ట్ బ్లెయిర్‌లో విమానమెక్కేదాకా నీతో వాదిస్తూనే ఉన్నాను. బడి ఉద్యోగానికి ఏడాది సెలవు పెట్టి, థాయ్‌లాండ్ తీరంలో ముక్కూ మొహం తెలియని పల్లెకు ఎందుకు పోతున్నావని అడిగావు. లోకం చూడటమూ చదువేనన్నాను. ఉద్యోగం మళ్లీ దొరుకుతుంది కానీ ఇరవై నాలుగేళ్ల వయసు మళ్లీ దొరకదన్నాను. అక్కడి పిల్లల కేంద్రానికి పనిచేసేవాళ్లు కావాలన్నాను. నువ్వు తల వంచుకుని "సరే, ఎల్లు తల్లీ" అన్నావు. ఆ కారణాల్లో ఒక్కటీ అబద్ధం కాదు. కానీ అసలు కారణం వాటిలో లేదు.

ఫోనులో చెప్పలేను. నోరు తెరిస్తే నన్ను నేను సమర్థించుకుంటాను. అందుకే కాగితం.

సునామీ వచ్చిన ఆదివారం నాకు పదేళ్లు, అన్నకు పద్దెనిమిది. నువ్వు చేపలతో అబర్డీన్ బజారుకు వెళ్లావు. భూమి మమ్మల్ని మంచాల మీంచి కింద పడేసింది. మన జంగ్లీఘాట్ వీధుల్లో గోడలు బీటలు వారాయి. రేవులో నీళ్లు వెనక్కి పోతున్నాయని ఎవరో అరిచారు. అమ్మ వీధిలోకి పరుగెత్తింది. అన్న మమ్మల్ని కొండ మీదికి తీసుకుపోతానన్నాడు. నేను కదల్లేదు. సముద్రం తేడాగా కనబడితే ముందు పడవను లోతు నీళ్లలోకి తీసుకుపోవాలన్నది మన రేవు నియమం. అది నీ నోటే విన్నాను.

"కట్టు తెగితే పడవ రాళ్లకి కొట్టుకుంటాది. ఎల్లి లోతుకి తీసుకుపో!" అన్నాను.

"పడవ పోతే పోనీవే గుంటా! జల్దీ కొండెక్కు!"

"నాన్న అడిగితే ఏటి చెప్తావు? బయ్యమేసి పారిపోయాననా? డర్‌పోక్!"

అన్న ఒక్క క్షణం నా మొహంలోకి చూసి నవ్వాడు. ఎప్పుడూ వెక్కిరించినట్టే అప్పుడూ వెక్కిరించాడు.

"సర్లే దీదీ, నువ్వే జీత్‌గయీ. పడవ సంగతి నేను చూస్తాను. అమ్మని పట్టుకుని ఎల్లు."

మేం కొండెక్కాం. సాయంత్రం నువ్వొక్కడివే వచ్చావు. "కన్నబాబు పోయాడు" అని మాత్రమే అన్నావు. రేవులో ఏం జరిగిందో నువ్వు చెప్పలేదు. జవాబు నాకు తెలుసు కనుక నేనూ అడగలేదు.

నేను గెలిచిన మొదటి వాదన అదే, నాన్నా. తరవాత కాలేజీ డిబేట్లలో గెలిచిన కప్పులన్నీ నువ్వు కిటికీలో వరసగా పెట్టి, వచ్చినవాళ్లందరికీ చూపించావు. చప్పట్లు వినబడినప్పుడల్లా నాకు అన్న నవ్వు గుర్తొచ్చేది. మైకు ముందు ఎంత నిర్దయగా మాట్లాడితే అంత మెచ్చుకున్నారు. ఈ నాలుక ఏం చేసిందో వాళ్లకేం తెలుసు?

ఒక్క మాటా రాని దేశంలో ఏడాది బతకాలని వెళ్తున్నాను. అక్కడ ఎవరినీ ఒప్పించలేను, ఎవరినీ ఎక్కడికీ పంపలేను. నువ్వు క్షమించలేకపోతే ఆ మాటే రాయి. ఖండించను.

నీ కూతురు,
హిమబిందు.


థాయ్‌లాండ్,
17 మార్చి 2019.

నాన్నా,

ఇన్నాళ్లూ వారం వారం ఫోనులో వానల గురించీ చేపల గురించీ మాట్లాడుకున్నాం. ఉత్తరం ఊసు ఇద్దరమూ ఎత్తలేదు. నీ జవాబు నిన్న అందింది.

నేనుంటున్నది నోయ్ అనే పెద్దావిడ ఇంట్లో. ఆమె ఉప్పుచేపలు ఎండబెట్టి అమ్ముతుంది. పొద్దున్నే నేను చేప కోసే తీరు చూసి కత్తి లాక్కుని, తానే కోసి చూపిస్తుంది. మన తీరే మేలని నిరూపించడానికి నాలుక దురద పెట్టేది. మాటలు రాక ఊరుకున్నాను. వారం తిరిగేసరికి ఆమె తీరే మేలని తేలింది! అయినా ఆమె భాషలో ఒక్క ముక్కా నేర్చుకోలేదు. పంతం పట్టి నేర్చుకోలేదు.

నీ ఉత్తరం ఆమె పెరట్లో చేపల బల్ల పక్కన నిలబడి చదివాను. ఈ ముక్క ఇప్పటికి కంఠతా వచ్చింది:

"ఆడు పడవ కోసం రాలేదమ్మా. భూమి కదిల్తే నాను బజార్లో ఉండననీ, పడవకాడికే పరిగెడతాననీ ఆడికి ఎరికే. 'నానా, పడవొగ్గేసి రా' అని దూరం నుంచే కేకలేసినాడు. చెల్లి ఏదిరా అన్నాను. 'అమ్మతో కొండకి పంపేసినాను. పడవ, పడవ అని గుమ్మం ఒగ్గదే! ఊఁ అనకపోతే అది కదల్దు కదా. ఊఁ అనేసినాను' అని నవ్వినాడు. నన్ను రేవు మెట్ల మీదికి తోసినాడు. ఆడు ఎక్కేలోగా నీళ్లొచ్చేసినాయి. నా కోసమొచ్చి పోయాడని మీ అమ్మకి చెప్పడానికి ఇన్నేళ్లూ నోరు రాలేదు. నీ ఉత్తరం వచ్చాక చెప్పినాను. ఏడ్చింది, తిట్టింది, అన్నం పెట్టింది. ఆరోజు నువ్వు గెలవలేదమ్మా."

అలవాటు కొద్దీ నీ మాటల్లో లొసుగు వెతికాను. నన్ను ఓదార్చడానికి కల్పించావేమోనని అనుమానించాను. కానీ నాన్నా, ఆ ఉదయం నేను రెండు చేతులా గుమ్మం పట్టుకుని వేలాడాను. సిగ్గేసి ఆ సంగతి నీకు రాయలేదు. అమ్మ అప్పటికే వీధిలో ఉంది. అది చూసినవాడు అన్న ఒక్కడే. అతను చెబితే తప్ప నీకు తెలిసే దారి లేదు.

నేను ఓడిపోయాను. నన్ను కొండెక్కించడానికి అతను ఓడినట్టు నటించాడు. నేను పద్నాలుగేళ్లు ఆ నటనను నమ్మాను. చేపల బల్ల మీద తల ఆనించి ఏడ్చాను, ఆపైన పగలబడి నవ్వాను. నోయ్ కంగారుపడి మంచినీళ్లు తెచ్చింది.

మిగిలిన నెలలూ ఇక్కడే ఉంటాను. శిక్షగా కాదు, ఈ ఊరు చూడాలని ఉంది. నువ్వు అమ్మకు చెప్పినట్టే నాక్కూడా చెప్పు. అన్న మెట్ల దగ్గర ఏ చొక్కాతో ఉన్నాడు? ఇంకేమన్నాడు? ఒక్కో ఉత్తరంలో కొంచెం రాసినా చాలు.

నిన్న సాయంత్రం నోయ్‌కి అన్న ఫొటో చూపించి, అన్నను మీ భాషలో ఏమంటారని సైగతో అడిగాను. "పీ చాయ్" అంది. నేను పలికాను. స్వరం తప్పిందని తల అడ్డంగా ఊపింది. మళ్లీ పలికాను. మళ్లీ దిద్దింది. వాదించకుండా ఆమె పెదవులే చూస్తూ మూడోసారి పలికాను. ఈసారి ఆమె ఫొటో చేతిలోకి తీసుకుని, పక్కన కూర్చోమంది.

కన్నబాబు చెల్లెలు,
హిమబిందు.