పొన్నాడ ఎవరిది?

నిన్న వేలూరు కంప్యూటరు సంఘం సభలో, “ఈ తోళ్ల నిల్వ ప్రోగ్రాం రాసింది ఎవరప్పా?” అని పేర్ణాంబట్టు తోళ్ల ఫ్యాక్టరీ యజమాని అడిగినప్పుడు, మీరు నా పేరెందుకు చెప్పలేదు?

అన్నం, పప్పు మూతపెట్టి ఉంచాను. ఫ్లాపీలను మళ్ళీ టీవీ మీద పెట్టవద్దు, చెరిగిపోతాయి. ఆఫీసు పిల్లలకు అరవమే తప్ప తెలుగు చదవడం రాదు గనుక, ఈ చీటీ వాళ్ల కంటబడినా మీ పరువుకు ముప్పు లేదు.

“ఆడోళ్లకి మేము పొన్నాడ కప్పకూడదమ్మా, మీ ఇంటాయన్ని పంపు” అని అధ్యక్షుడు అంటే, ఆచారమే కదా అని మిమ్మల్ని వేదిక మీదికి పంపాను. ఆ ప్రోగ్రాంకు నాకు రావలసిన సన్మాన శాలువా కప్పుకొని మీరు చెప్పిన జవాబు: “అంతా నేనేనప్పా. మా ఇంటామె టైపింగు చూసుకుంటాది.” సభంతా నవ్వింది.

పొద్దున ఆ యజమాని ఫోను చేశాడు. ప్రోగ్రాం చూపించడానికి నేనే వస్తానన్నాను. “నువ్వు యాడికి వస్తావమ్మా? సార్‌ని పంపు. సార్ వచ్చి చూపిస్తేనే ఆర్డరు.”

అయినా నేనే వెళ్తున్నాను. గేటు దగ్గరే నిలబెడతారని తెలుసు.

భారతమ్మ

పొన్నాడ మడిచి బల్లమీద పెట్టాను. అది తీసుకొని తరువాతి పేర్ణాంబట్టు బస్సులో రండి. ఆ గేటు దగ్గర, ఆ యజమాని ఎదుట, ప్రోగ్రాం రాసింది ఎవరో మీ నోటితో చెప్పండి.