ఎర్ర ఊలుదారం

తూదా,

తెల్లవారేసరికి మబ్బు కొండ దిగి కొట్టం కప్పు దాకా వచ్చింది, వాన తప్పదు. నిన్న విత్తులు కొట్టించిన కోడెదూడల కింద గడ్డి తడవనీయకు. వాపు ఎక్కువైతే డాక్టరిచ్చిన మందు రాయి. ఆవులకు నట్టల మందు పట్టేశాం. నేను అజ్రూ సంతకు వెళ్తున్నాను.

నీ చుక్కదూడ మెడలో దిష్టి దారం తెంచింది నేనే. దానికే అలిగావని తెలుసు. విత్తులు కొట్టాల్సినవాటికి గుర్తుగా నేనూ ఎర్ర ఊలే కట్టాను. డాక్టరు నీదాన్నీ పడగొట్టి, “అస్సూ, కాళ్ళు పట్టుకో” అన్నాడు. “అది మా ఆవిడ పెంచుకునే కోడె. ముట్టుకున్నావో, మనిద్దరికీ కొట్టేస్తుంది” అన్నాను. నవ్వి వదిలేశాడు. దారం అప్పుడే తెంచాను. సంతలో నీలం ఊలు తెస్తాను, అది కట్టు.

అస్సూ

రాత్రి ఒకే పళ్ళెంలో కుస్కుస్ తిన్నాం. అలకలోనూ మాంసం ముక్కను నా వైపే నెట్టావు.