కాళ్ళు పట్టుకునే చదువు

చిరంజీవి పెద్దోడికి మీ అమ్మ దీవించి రాయించేది. ఇక్కడ నేనూ నీ కూతురూ కులాసాగా ఉన్నాం. అక్కడ నువ్వూ కోడలూ మాకంటే కులాసాగా ఉండాలి, ఎందుకంటే ఈ ఉత్తరం చదవడానికి నీకు కొంచెం ఓపిక కావాలి.

ఫోన్ ఉండగా ఉత్తరమేంటి అంటావు. ఫోన్‌లో నేను అసలు సంగతికి వచ్చేసరికి నువ్వు కట్టే ఆ వంతెన మీద సిగ్నల్ పోతుంది. ప్రతిసారీ సరిగ్గా అక్కడే పోతుందేం? ఉత్తరానికి ఆ జబ్బు లేదు. నాకు అక్షరం ముక్క రాదు గనక కింద మందుల షాపాయన చేత రాయిస్తున్నా. పిల్ల చేత రాయిస్తే దాని తరఫున నేననే మాటల్లో సగం సిగ్గుపడి మింగేస్తుంది. ఈయనా తక్కువవాడు కాదు, నేను "గాడిద" అంటే "అబ్బాయి" అని రాయబోయాడు. చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను.

ముందు నువ్వడిగినవి. బీపీ మాత్రలు వేసుకుంటున్నా. వంటింట్లో కుళాయి కారడం మానేసింది. కోడలు పంపిన స్వెటరు బాగుంది, చేతులు కాస్త పొడుగు, మడిచి తొడుక్కుంటున్నా; ఆ మాట దానికి చెప్పకు. పిల్ల తింటోందా అన్నావు. తింటోంది, ఏమరుపాటున ఉంటే నా కంచంలోది కూడా. టేబులు కాళ్ళకి ఆ తెల్ల కట్లేంటి, వీడియోలో కనబడ్డాయి అన్నావు. మీ అమ్మాయి ప్రాక్టీసు. ఆటగాళ్ళ చీలమండకి చుట్టే టేపు ఒక్క ముడత లేకుండా చుట్టాలట, ముడత పడితే అక్కడ బొబ్బ లేస్తుందట. ఎదురింటావిడ వచ్చి, "టేబులుకేమైంది పిన్నిగారూ?" అంది. "జారిపడిందమ్మా, నాలుగు రోజులు నడవద్దన్నారు" అన్నాను. పాపం తలూపింది కూడా.

ఇక అసలు విషయం. నువ్వు నా ఫోన్‌కి రాసి పంపిన మాట ఈయన చేత మళ్ళీ మళ్ళీ చదివించుకున్నాను. "డిగ్రీ చదివి ఒకళ్ళ కాళ్ళు పట్టుకుని బతకాల్సిన ఖర్మ నా కూతురికేంటి? టర్ము అయ్యేలోగా దాన్ని అకౌంట్స్‌లోకి మార్పిస్తా, హాయిగా కుర్చీలో కూర్చుంటుంది" అని.

నువ్వు పొరబడ్డందుకు నిన్ను తిట్టను. నేనూ పొరబడ్డాను. అది అథ్లెటిక్ ట్రైనింగ్ అనగానే పరుగు పందేలనుకున్నా. మనవరాలు పరిగెత్తాలి కదా అని తెల్లారకుండానే లేపి డాబా మెట్లెక్కించి దింపాను, గ్లాసుడు పాలు తాగించి మళ్ళీ ఎక్కించాను. ఆ వెర్రిది వారం పాటు నోరెత్తకుండా ఎక్కింది. ఆఖరికి మెట్ల మీద కూలబడి, "నానమ్మా, పరిగెత్తేది నేను కాదే! పరిగెత్తేవాళ్ళు పడితే చూసుకునేదాన్ని!" అంది. "మరి ముందే ఏడవొచ్చుగా?" అంటే, "నువ్వు చెప్పనిస్తేగా!" అంది. నోరు ఎవరి పోలికో నాకు తెలీదు.

ఒరేయ్, అది విజిల్ ఊదే చదువు కాదు. ఎముకలూ కండరాలూ గుండే ఊపిరీ అన్నీ చదవాలి. దెబ్బ తగలకుండా ఏం చెయ్యాలి, తగిలితే ముందేం చెయ్యాలి, ఎప్పుడు డాక్టరు దగ్గరికి పరిగెత్తించాలి, మళ్ళీ ఎప్పుడు ఆటలోకి వదలాలి, ఇదీ దాని పని. మీ వంతెన మీద ఇనప టోపీ లేకపోతే పైకెక్కనివ్వనని అరిచేవాడు ఒకడున్నాడన్నావు చూడు. రోజూ వాణ్ణి తిట్టుకుంటావు, వాడు సెలవు పెట్టిన రోజు నీకే భయమేస్తుందన్నావు. నీ కూతురు అదే మనిషి. కాళ్ళు పట్టుకుంటుందా? పట్టుకుంటుంది. బతిమాలడానికి పట్టుకోవడం వేరు, పడ్డవాణ్ణి నిలబెట్టడానికి పట్టుకోవడం వేరు. ఇంత చదువుకున్నవాడివి, ఆ తేడా నేను చెప్పాలా?

ఇదంతా నీకెలా తెలుసు అంటావేమో. నేనూ కాలేజీకి పోతున్నా. నవ్వకు. వాళ్ళకి పాఠం చెప్పే మేడమ్ ఒకసారి మనింటికొచ్చి అరిగిపోయిన నా మోకాలు చూసి, "మామ్మగారూ, మా పిల్లలకి ఇలాంటి మోకాలు ఎక్కడ దొరుకుతుంది!" అని సంబరపడింది. ఇంతకాలం దాన్ని తిట్టడమే గాని మెచ్చుకున్నవాళ్ళు లేరు. అప్పట్నించీ ప్రాక్టికల్స్ రోజున పొడుగు బల్ల మీద దర్జాగా పడుకుంటున్నా. పిల్లలంతా చుట్టూ చేరి మడుస్తారు, చాపుతారు, "నొప్పా మామ్మగారూ?" అంటారు. ఒకడు నొక్కకుండానే అడిగాడు, "ముందు నొక్కి ఏడు నాయనా" అన్నా. టేపు చుట్టేముందు నా చర్మం మీద మెత్తటి పల్చటి పట్టీ వేస్తారు, తీసేటప్పుడు టేపుతో చర్మం ఊడిరాకుండా. అక్కడ నా పేరు మోకాలు మామ్మ.

కిందటి ఆదివారం ఫుట్‌బాల్ మ్యాచికి కూడా వెళ్ళాను. మేడమ్ నన్ను వాళ్ళ బెంచీ చివర కూర్చోబెట్టింది. ఆట చివరికొచ్చింది, మనవాళ్ళు ఒక్క గోలు వెనకబడి ఉన్నారు. మనవైపు బాగా ఆడే కుర్రాడికీ అవతలివాడికీ తలలు ఠాప్‌మని తగిలాయి. మనవాడు లేచి దులుపుకుని, "బానే ఉన్నా" అన్నాడు. నాకూ బానే ఉన్నట్టు కనిపించాడు. మీ అమ్మాయి వాణ్ణి బయట కూర్చోబెట్టి ఎదురుగా మోకాళ్ళ మీద కూచుని, "ఇవాళ ఎవరితో ఆడుతున్నాం?" అని అడిగింది. వాడు కిందటి మ్యాచి వాళ్ళ పేరు చెప్పాడు.

కోచ్ వచ్చాడు. మనిషి బీరువాలా ఉంటాడు. "ఏంటి ఆలస్యం? పంపించు!" అన్నాడు.

"పంపకూడదు సార్. తలకి తగిలింది."

"వాడే బావున్నానంటుంటే నువ్వెవరు చెప్పడానికి? ఇంకా చదువుకునే పిల్లవి!"

"అవును సార్, చదువుకునేదాన్నే. మేడమ్ అవతలివాణ్ణి చూసి వస్తున్నారు, ఆవిణ్ణడగండి. అప్పటిదాకా ఇతను లేవడు" అని వాడి భుజం మీద చెయ్యి వేసి ఉంచింది. గొంతు పెంచలేదురా! నేనైతే వీధి వీధంతా వినపడేలా అరిచేదాన్ని. మేడమ్ వచ్చి కుర్రాణ్ణి చూసి, "అమ్మాయి చెప్పిందే. ఇవాళ్టికి ఇతని ఆట అయిపోయింది" అంది. కోచ్ చేతిలో నీళ్ళ సీసా నేలకేసి కొట్టాడు. కాసేపటికి ఆ కుర్రాడు భళ్ళున వాంతి చేసుకున్నాడు, అదీ నా చెప్పుల మీద. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళారు. ఇప్పుడు బావున్నాడు, ఇంకొన్నాళ్ళు ఆడకూడదట.

మ్యాచి ఓడిపోయారు. జనం పోతూ పోతూ మన పిల్లని నానా మాటలన్నారు. అది ఐసు డబ్బా సర్దుకుంటూ తలెత్తలేదు. బస్సెక్కాక చూద్దును కదా, ఆ ఐసు డబ్బా ఒళ్ళో పెట్టుకుని మూత తీస్తోంది, వేస్తోంది. దాని చేతులు రెండూ పట్టుకు కూర్చున్నాను. "నాన్న చూసుంటే ఏమనేవాడే?" అంది. నిన్ను తలుచుకునే అడిగిందిరా, కోచ్‌ని కాదు, ఆ జనాన్నీ కాదు. "అది మీ నాన్ననే చెప్పనీ" అన్నాను.

ఇక దాచింది చెప్తా. అరవకు, పక్కనెవరైనా ఉంటే బావుండదు.

దాన్ని అకౌంట్స్‌లోకి మార్చమని నువ్వు కాలేజీ ఆఫీసుకి ఫోన్ చేశావు కదా, పిల్లకి చెప్పకుండా. ఇంటి నుంచి పెద్దవాళ్ళెవరైనా వచ్చి ఒకమాట చెప్పమని వాళ్ళు మనింటికి ఫోన్ చేశారు. అది స్నానానికి వెళ్ళింది, ఎత్తింది నేను. మర్నాడు ప్రాక్టికల్స్ అయ్యాక, మోకాలికి టేపుతోనే ఆఫీసు కిటికీ దగ్గరికి వెళ్ళాను.

లోపల కూర్చున్నావిడ, "మీ అబ్బాయి కోర్సు మార్చమన్నారండీ. మార్చేయమంటారా?" అంది.

"వద్దమ్మా. వాడు మనసు మార్చుకున్నాడు" అన్నాను.

"ఎప్పుడండీ?"

"ఇందాక."

ఆవిడ నా మొహంలోకీ నా మోకాలి వైపూ చూసి, సరే అని కిటికీ మూసింది. అంతే జరిగింది. మందుల షాపాయన కలం ఆపి నోరెళ్ళబెట్టాడు. నీకేం కాదు, రాయవయ్యా అన్నాను.

పిల్లకి ఇదేమీ తెలీదు. నీకిది ఇష్టం లేదని మాత్రం తెలుసు గనక, నువ్వెప్పుడొచ్చి ఈ చదువు మానిపిస్తావో అని రోజూ బిక్కుబిక్కుమంటూ కాలేజీకి పోతోంది. దానికి నువ్వే ఫోన్ చెయ్యి, వంతెన దిగి, సిగ్నల్ బాగా ఉన్నచోట నిలబడి. నా చేత ఒక్క అబద్ధం ఆడించావు, దాన్ని నిజం చేసే పని నీదే.

ఇట్లు,
నీ మనసు నీకంటే ముందే మార్చేసిన
మీ అమ్మ