పారుకుట్టిని రేపే బస్సెక్కించు
కాసరగోడ్, మంగళవారం

అమ్మా, ఆదివారం పొద్దున నాకు మగపిల్లాడు పుట్టాడు, ఈసారి కడుపు కోయకుండానే. ఇద్దరం క్షేమం.

మామూలు కాన్పు వద్దని నువ్వు రాసిన రెండు ఉత్తరాలూ అందాయి, కోప్పడకు. పెద్దది ఇందు పుట్టి మూడేళ్ళు దాటింది, పాత కోత నిలువుగా కాక అడ్డంగా కోసిందే కనుక ప్రయత్నించవచ్చని డాక్టరమ్మే అంది. "కుట్టు దగ్గర ఏమాత్రం తేడాగా ఉన్నా చెప్పాలి, మొండికేస్తే ఊరుకోను" అని నా పక్కనే కుర్చీ వేసుకుంది. పదకొండు గంటలు నొప్పులు పడ్డాను. చివరికి నర్సు త్రేస్య, "ఆపరేషనుకి అన్నీ సర్దిపెట్టుకుంటే మాకు పని లేకుండా చేశావు కదే" అంది. మధ్యాహ్నానికి లేచి నడిచాను. మంచం ఖాళీగా కనబడి అత్తగారు వార్డంతా వెతికారు.

బాలింతలకు నూనె పట్టించి నీళ్ళు పోసే పారుకుట్టిని నెలన్నర ఆగి రమ్మన్నావట. రేపే బస్సెక్కించు, నూనె ఆమె చేతికే ఇవ్వు. కిందటిసారి కుట్లున్నాయని గుమ్మంలోంచే తిప్పి పంపావు. నాన్న దగ్గు తగ్గిందా? ఆవు ఈనిందా?

మీ ఇద్దరికీ నమస్కారాలు. ఇందు ఏడుపు మీరంతా విన్నాక, మత్తు వదిలాక నాకు చెప్పారు. వీడి ఏడుపు మీ అందరికంటే ముందు నేనే విన్నాను.

వసుమతి